తెల్లకణాలు లక్ష దాటినప్పుడు: బయటి కారణానికి స్పందనా, తనంతట తానే పెరిగే కణమా?

తుంగభద్ర తీరం (కర్నూలు, పాథాలజీ బోధన) రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. వైద్య విద్యార్థులకు రక్త క్యాన్సర్ల పాఠం చెప్పే ప్రతిసారీ నాకు ఒకే చోట ఇబ్బంది ఎదురవుతోంది. పుస్తకం వ్యాధి పేరుతో మొదలై లక్షణాలకు వస్తుంది. ఆసుపత్రికి వచ్చే మనిషి మాత్రం చేతిలో సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితంతో వస్తాడు. ఆరోగ్యవంతుడి రక్తంలో మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 వరకు ఉండే తెల్లకణాలు ఆ కాగితం మీద 1,20,000 అని కనబడతాయి. దాన్ని చూసిన విద్యార్థి వెంటనే ల్యుకేమియా (తెల్లకణాల క్యాన్సర్) అంటాడు, కుటుంబం ఆ రాత్రే బెంగళూరు బస్సెక్కుతుంది.

నా దృష్టిలో ఆ అంకె కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ కణాలన్నీ ఏదో ఒక అవసరానికి, అంటే చీముకో క్షయకో రక్తస్రావానికో, ఎముక మజ్జ ఇస్తున్న స్పందనా, లేక మజ్జలోని ఒకే ఒక మూలకణం జన్యువు దెబ్బతిని, దాని సంతానమే ఏ ఆజ్ఞా లేకుండా పెరిగిపోతోందా? మొదటిది కారణం తొలగితే తగ్గుతుంది. రెండోది తగ్గదు. ల్యుకేమియా, మైలోప్రొలిఫరేటివ్ వ్యాధులు (మజ్జ రక్తకణాలను అతిగా తయారు చేసేవి), మైలోడిస్‌ప్లాసియా (మజ్జ కణాలను వికృతంగా, తక్కువగా తయారు చేసేది) వంటి వాటి అధ్యయనమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుందని నా నమ్మకం. కర్నూలు, అనంతపురం, కడప వంటి చోట్ల, రోగి ఇంకా మన దగ్గరే ఉండగా, ఈ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పగలమో అనుభవం ఉన్నవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

పెన్నా గట్టు (కడప, ప్రయోగశాల) రాశారు:

మేడమ్, యంత్రం చెప్పే అంకెను మొదట అనుమానించాలి. జిల్లాల్లో ఎక్కువగా వాడే త్రీపార్ట్ యంత్రాలు (తెల్లకణాలను మూడు గుంపులుగా మాత్రమే విడదీసేవి) కణాన్ని దాని పరిమాణాన్ని బట్టి గుర్తిస్తాయే తప్ప దాని రూపాన్ని చూడలేవు. తీవ్రమైన రక్తహీనతలో మజ్జ నుంచి కేంద్రకం ఉన్న ఎర్రకణాలు బయటికి వస్తే, యంత్రం వాటిని కూడా తెల్లకణాలుగా లెక్కగడుతుంది. ఉదాహరణకు యంత్రం 30,000 చూపించి, సూక్ష్మదర్శిని కింద చూసే రక్తపు స్లైడు మీద ప్రతి 100 తెల్లకణాలకు 200 కేంద్రక ఎర్రకణాలు కనబడితే, అసలైన తెల్లకణాల సంఖ్య 10,000 మాత్రమే. ఆ సవరణ చేయకుండా రిపోర్టు ఇస్తే తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత) ఉన్న బిడ్డకు ల్యుకేమియా పేరు పడే ప్రమాదం ఉంది. అలాగే రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఈడీటీఏ వల్ల కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు గుత్తులు కట్టి లెక్కకు అందవు. అప్పుడు 2 లక్షలున్న మనిషికి 20,000 అని వస్తుంది. స్లైడు అంచున ఆ గుత్తులు కనబడతాయి, సిట్రేట్ గొట్టంలో మళ్ళీ తీసి చూస్తే లెక్క సరిపోతుంది.

రెండో మాట రంగు గురించి. మన దగ్గర లీష్‌మన్ రంగే ఎక్కువగా వాడతారు. దానికి కలిపే నీటి పీహెచ్ 6.8 దగ్గర ఉండాలి. రాయలసీమ బోరు నీళ్ళలో చాలా చోట్ల క్షారగుణం ఎక్కువ కాబట్టి, వాటితో కడిగిన స్లైడు మొత్తం నీలం తిరుగుతుంది. అందులో కేంద్రకంలోని సన్నని అల్లిక కనబడదు, మామూలు లింఫోసైటు (ఒక రకం తెల్లకణం) కూడా బ్లాస్టులా (ల్యుకేమియాలో పేరుకునే అపక్వ కణంలా) తోస్తుంది. బఫర్ నీళ్ళు తయారు చేసుకోవడం పెద్ద ఖర్చు కాదు. రక్తం తీసిన రెండు గంటల లోపే స్లైడు చేయాలి. ఎండాకాలంలో సాయంత్రం దాకా గొట్టంలో నిలవ ఉంచిన రక్తంలో కణాలు ఉబ్బి, కేంద్రకాలు విరిగి, చూసేవారిని తప్పుదారి పట్టిస్తాయి.

గుత్తి కోట (అనంతపురం, జనరల్ మెడిసిన్) రాశారు:

పెన్నా గట్టు గారు చెప్పినట్టు మంచి స్లైడు చేతికి వస్తే మేడమ్ అడిగిన ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాలో, అంటే సీఎంఎల్‌లో, న్యూట్రోఫిల్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణం) పెరిగే దశలన్నీ ఒకే స్లైడు మీద కనబడతాయి. మైలోసైట్లు (ఆ పెరుగుదలలో మధ్య దశ కణాలు) ప్రత్యేకంగా ఎక్కువగా ఉంటాయి, బేసోఫిల్లు (అరుదైన మరో రకం తెల్లకణాలు) పెరుగుతాయి, ప్లేట్‌లెట్లు తరచు ఎక్కువే ఉంటాయి. రోగి మంచం మీద పడి ఉండడు. పొద్దున పొలానికి వెళ్ళి, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోందని మాత్రమే చెబుతాడు. ఎడమ డొక్కలో చెయ్యి పెడితే ప్లీహం నాభి దాకా తగులుతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ వల్ల 50,000 దాటిన ల్యుకేమాయిడ్ (ల్యుకేమియాను పోలిన) స్థితిలో మనిషి జ్వరంతో నీరసించి ఉంటాడు, న్యూట్రోఫిల్లలో ముదురు రేణువులూ డోలె బాడీలనే లేత నీలి మచ్చలూ కనబడతాయి, బేసోఫిల్లు పెరగవు. పడక దగ్గర చూసింది, స్లైడులో చూసింది ఒకదానితో ఒకటి పొసగకపోతే అక్కడ ఆగి ఆలోచించాలి.

సంఖ్య ఒక్కటే ప్రమాదానికి కొలబద్ద కాదన్నది కూడా విద్యార్థులకు చెప్పండి. సీఎంఎల్‌లో రెండు లక్షలున్నా మనిషి నడిచి వస్తాడు. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో లక్ష బ్లాస్టులు చేరితే, ఆ పెద్ద, బిరుసైన కణాలు ఊపిరితిత్తుల్లోనూ మెదడులోనూ సన్నని రక్తనాళాలను మూసివేసి గంటల్లో ప్రాణం తీయగలవు. అలాంటి రోగికి హీమోగ్లోబిన్ తక్కువగా ఉందని వెంటనే రక్తం ఎక్కిస్తే రక్తం మరింత చిక్కబడి పరిస్థితి విషమిస్తుంది.

ఇక్కడ మనసులో చాలాకాలంగా ఉన్న ఆవేదన ఒకటి చెప్పాలి. పిల్లల్లో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా చాలాసార్లు కాళ్ళ నొప్పులతో, విడవని జ్వరంతో మొదలవుతుంది. దాన్ని కీళ్ళవాతం అనుకుని ఊళ్ళో ఎవరో స్టెరాయిడ్ ఇస్తారు. ఆ మందుకు లింఫోబ్లాస్టులు కరిగిపోతాయి కాబట్టి బిడ్డ లేచి ఆడుకుంటుంది, స్లైడు శుభ్రంగా కనబడుతుంది. కొన్ని వారాల తరవాత వ్యాధి మళ్ళీ వచ్చేసరికి, మందుకు లొంగని కణాలు మిగిలి ఉండే అవకాశం పెరుగుతుంది, అసలు వ్యాధి తీవ్రతను తొలి లెక్కలతో అంచనా వేసే వీలు కూడా పోతుంది. సీబీపీ, స్లైడు చూడకుండా పిల్లల కాళ్ళ నొప్పికి స్టెరాయిడ్ ఇవ్వకూడదు.

నల్లమల (స్వస్థలం ఆత్మకూరు, పరిశోధక విద్యార్థి) రాశారు:

పెద్దల మాటను గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. స్లైడు అనుమానాన్ని కలిగిస్తుంది, నిర్ధారణ మాత్రం జన్యువు దగ్గరే జరుగుతుంది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ సీఎంఎల్ రోగుల కణాల్లో అసాధారణంగా చిన్నదైన ఒక క్రోమోజోమును చూశారు. అది విరిగి పోయిన ముక్క కాదని, 9వ, 22వ క్రోమోజోములు తమ చివరలను మార్చుకున్నాయని 1973లో జానెట్ రౌలీ చూపారు. ఆ మార్పిడి వల్ల 22వ క్రోమోజోము మీది బీసీఆర్ జన్యువు పక్కకు 9వ దాని మీది ఏబీఎల్ జన్యువు వచ్చి అతుక్కుంటుంది. మామూలు ఏబీఎల్ ప్రొటీను అవసరమైనప్పుడు పనిచేసి ఆగిపోయే టైరోసిన్ కైనేజు (కణానికి సంకేతాలిచ్చే ఎంజైము). అతుకు ప్రొటీనుకు ఆగడం ఉండదు, విభజించమనే సంకేతాన్ని పగలూ రాత్రీ ఇస్తూనే ఉంటుంది. మేడమ్ అడిగిన ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు వైద్యశాస్త్రంలో అరుదు. ఆ కైనేజును అడ్డుకునే ఇమాటినిబ్‌కు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలి పెద్ద అధ్యయనంలో దానితో చికిత్స మొదలుపెట్టినవారిలో పదేళ్ళ తరవాత సుమారు 83 శాతం జీవించి ఉన్నారు.

అందువల్ల రక్తం ఒక చుక్క ఆ అతుకు జన్యువును వెతికే పీసీఆర్ పరీక్షకు వెళ్ళనంత వరకు స్లైడు మీద ఎంత చర్చ చేసినా అది అంచనాగానే మిగులుతుంది. అక్యూట్ ల్యుకేమియాల్లో కూడా బ్లాస్టు ఏ వంశానిదో కంటితో చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. కణాల గుర్తు ప్రొటీన్లను చూసే ఫ్లో సైటోమెట్రీలో సీడీ19, సీడీ10 ఉంటే బీ వంశమని, కణం లోపల సీడీ3 ఉంటే టీ వంశమని, మైలోపెరాక్సిడేజు ఉంటే మైలాయిడ్ అని తేలుతుంది. చికిత్స ఆ వంశాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది.

తుంగభద్ర తీరం రాశారు:

నల్లమల గారూ, జన్యు పరీక్ష ఆవశ్యకతను నేను కాదనను. కానీ ఆ ఫలితం వచ్చేదాకా రోగి బతికి ఉండాలి కదా. అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియానే తీసుకోండి. 15వ, 17వ క్రోమోజోముల మార్పిడి వల్ల కణం ప్రోమైలోసైటు దశలోనే నిలిచిపోతుంది. దాని రేణువులు రక్తం గడ్డకట్టే వ్యవస్థను ఛిన్నాభిన్నం చేస్తాయి కాబట్టి మొదటి రోజుల్లోనే మెదడులో రక్తస్రావం కావచ్చు. పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద నల్లని మచ్చలు, తెల్లకణాలు తరచు తక్కువే. స్లైడు మీద మాత్రం కట్టెలు మోపుగా కట్టినట్టు ఆవర్ రాడ్లు అనే పుల్లల్లాంటి రూపాలు నిండిన కణాలు కనబడతాయి. ఆ ఒక్క దృశ్యం మీద ఆధారపడి, జన్యు నిర్ధారణ కోసం ఆగకుండా అదే రోజు ట్రెటినాయిన్ అనే మందు మొదలుపెట్టాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ట్రెటినాయిన్ కణాన్ని చంపదు, ఆగిన చోటు నుంచి ముందుకు నడిపించి పక్వానికి తెస్తుంది. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌తో కలిపితే, ఒకప్పుడు అన్నిటికంటే వేగంగా చంపిన ఈ ల్యుకేమియా ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నయమయ్యేదిగా మారింది. ఆర్సెనిక్‌ను ఒంటరిగా వాడి మంచి ఫలితాలు సాధించవచ్చని చూపినవారిలో మన పక్కనున్న వేలూరు సీఎంసీ వైద్యులున్నారు. కాబట్టి కర్నూలులో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న విద్యార్థి కన్ను ఆ రోజుకు ఏ జన్యు పరీక్షకూ తీసిపోదు.

వేరుశనగ చేను (ధర్మవరం దగ్గర) రాశారు:

అందరికీ నమస్కారాలు. నేను వైద్యుణ్ణి కాను. మా తమ్ముడికి సీఎంఎల్ అని తేలి కొన్నేళ్ళుగా ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, సేద్యం చేసుకుంటున్నాడు. సీబీపీ మామూలుగా ఉంది కదా, ఇంక పీసీఆర్ పరీక్షకు అంత దూరం ఎందుకు, మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే చాలదా అని ఇంట్లో అందరూ అంటున్నారు. పైన చదివిన దాన్ని బట్టి నాకు భయం వేసింది. దయచేసి వివరంగా చెప్పండి.

నల్లమల రాశారు:

అన్నా, మీరు అడగడం చాలా మంచి పని. సీబీపీ మామూలుగా ఉండటమంటే రక్తంలో కంటికి కనబడే పెరుగుదల అణిగిందని మాత్రమే అర్థం. ఆ సమయంలో కూడా శరీరంలో కోట్ల సంఖ్యలో ఆ వంశపు కణాలు మిగిలి ఉండవచ్చు. వాటిని లెక్కించేది పీసీఆర్ ఒక్కటే. అంతర్జాతీయ కొలమానం ప్రకారం బీసీఆర్-ఏబీఎల్ విలువ చికిత్స మొదలైన మూడు నెలలకు 10 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు ఉండటం మంచి గుర్తు. తగ్గిన విలువ మళ్ళీ పెరుగుతుంటే, మాత్రలు తప్పుతున్నాయా లేక కైనేజులో మందు అతుక్కునే చోట కొత్త మార్పు వచ్చిందా అని చూడాలి. టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబ్ అసలు పనిచేయదు, మందు మార్చవలసి ఉంటుంది.

రోజు విడిచి రోజు అన్న ఆలోచనను దయచేసి ఆపించండి. లండన్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, వేసుకోవలసిన మాత్రల్లో 80 శాతం లేదా అంతకంటే తక్కువ వేసుకున్నవారిలో ఒక్కరికి కూడా ఆశించిన జన్యుస్థాయి ఫలితం రాలేదు. మందు పూర్తిగా ఆపే అవకాశం కొందరికి నిజంగానే ఉంది. ఏళ్ళ తరబడి చికిత్స పొంది, కనీసం రెండేళ్ళ పాటు విలువ 0.01 శాతం లోపే నిలకడగా ఉన్నవారికి, వైద్యుడి పర్యవేక్షణలో, మొదట్లో నెలనెలా పీసీఆర్ చేస్తూ ఆపుతారు. అలా ఆపినవారిలో సుమారు సగం మందికి వ్యాధి గుర్తులు మళ్ళీ కనబడతాయి, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. వెంటనే మందు మొదలుపెడితే దాదాపు అందరిలోనూ మళ్ళీ అణుగుతుంది. పరీక్ష లేకుండా సొంతంగా ఆపితే ఆ భద్రత ఉండదు. మాత్ర భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకుంటే వికారం తక్కువ.

2013 ఏప్రిల్ 1న మన సుప్రీం కోర్టు ఈ మందు పేటెంటు దరఖాస్తును తిరస్కరించడంతో మన కంపెనీలు ఇమాటినిబ్‌ను తక్కువ ధరకు అమ్మడం కొనసాగించగలిగాయి. ఆ అవకాశం చేతిలో ఉండగా మాత్రలు మానడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

గండికోట (కడప జిల్లా, జంతుశాస్త్ర అధ్యాపకత్వం) రాశారు:

మందుల ప్రస్తావన వచ్చింది కాబట్టి తెలుగువారు తప్పక తలచుకోవలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ మీద పరిశోధనను నడిపించారు. ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ సమ్మేళనాలు ఇస్తే వ్యాధి ఇంకా వేగంగా పెరిగినట్టు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గమనించి, దాని విరోధిని ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. సుబ్బారావు బృందం తయారు చేసి పంపిన అలాంటి విరోధి అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మెరుగుదల కనబడింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ మెరుగుదల తాత్కాలికమే అయినా, రసాయనంతో ల్యుకేమియాను వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. అదే ఏడాది సుబ్బారావు మరణించారు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందు నేటికీ పిల్లల చికిత్సలో ఉంది.

మేడమ్ మొదటి ప్రశ్నకు ఒక చేర్పు. ఒకే కణపు సంతానం అన్నంత మాత్రాన అది క్యాన్సర్ అనలేం. 70 ఏళ్ళు దాటినవారిలో పది శాతానికి పైగా మందిలో డీఎన్ఎంటీ3ఏ, టెట్2 వంటి జన్యువులు మారిన కణవంశాలు ఉంటాయని 2014లో వెలువడిన పెద్ద అధ్యయనాలు చూపాయి. వారి సీబీపీ మామూలుగానే ఉంటుంది, రక్త క్యాన్సర్‌గా మారే అవకాశం ఏడాదికి ఒక శాతం లోపే. పిల్లల్లో కూడా ల్యుకేమియాకు దారితీసే తొలి జన్యు కలయిక కొన్నిసార్లు తల్లి గర్భంలోనే జరుగుతుందని కవలల మీద, పుట్టినప్పుడు సేకరించిన రక్తపు చుక్కల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. ఆ కలయిక ఉన్న పిల్లల్లో అత్యధికులకు వ్యాధి రాదు. జన్యువులకు రెండో దెబ్బ తగిలినవారికే వస్తుంది. కాబట్టి ఒకే వంశమా అన్న ప్రశ్న తరవాత, ఆ వంశం మిగతా కణాలకు చోటు లేకుండా చేస్తోందా అన్న ప్రశ్న కూడా అడగాలని నా మనవి.

గుత్తి కోట రాశారు:

గండికోట గారి మాట సరైనది. దానికి మరో వైపు కూడా ఉంది. ఒకే వంశం కానిది కూడా క్యాన్సర్‌ను అచ్చంగా అనుకరిస్తుంది. మా ఓపీలో ప్లేట్‌లెట్లు 7 లక్షలతో వచ్చే స్త్రీలలో అత్యధికుల సమస్య ఐరన్ లోపమే. అధిక రుతుస్రావం, చాలీచాలని తిండి దానికి కారణాలు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే పరీక్ష) చూసి ఐరన్ ఇస్తే ప్లేట్‌లెట్లు వాటంతట అవే దిగివస్తాయి. లోపం ఏమీ లేకుండా, నెలల తరబడి 4.5 లక్షలకు పైన నిలిచి ఉంటే అప్పుడు జాక్2 అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే పరీక్షకు పంపాలి. 2005లో గుర్తించిన ఆ ఒక్క మార్పు పాలిసైథీమియా వేరా (ఎర్రకణాలు అతిగా పెరిగే వ్యాధి) రోగుల్లో దాదాపు 95 శాతం మందిలో, ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియాలో (ప్లేట్‌లెట్లు అతిగా పెరిగే వ్యాధిలో) సుమారు సగం మందిలో ఉంటుంది. 1951లోనే విలియం డామెషెక్ ఈ వ్యాధులన్నీ ఒకే కుటుంబమని కేవలం పరిశీలనతో ఊహించారు. యాభై ఏళ్ళ తరవాత దొరికిన జన్యువు ఆయన మాటను బలపరిచింది.

ఇంతకంటే కీలకమైనది బీ12 లోపం. మూడు రకాల కణాలూ తగ్గి, మజ్జ నిండా వికృతమైన పెద్ద కణాలు కనబడితే మైలోడిస్‌ప్లాసియా అనో, అక్యూట్ ల్యుకేమియా అనో పొరపడటానికి అది చాలు. స్లైడులో న్యూట్రోఫిల్ కేంద్రకం ఆరేడు తమ్మెలుగా చీలి ఉంటే బీ12 వైపు, రెండు తమ్మెలతోనే ఆగి రేణువులు లేకుండా ఉంటే మైలోడిస్‌ప్లాసియా వైపు మొగ్గాలి. బీ12 సూదిమందు ఇచ్చిన వారంలోపు రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) పెరిగితే అదే నిర్ధారణ. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఏ కుటుంబానికీ క్యాన్సర్ అన్న మాట చెప్పకూడదు.

వేంపల్లె వాసి రాశారు:

పెద్దలకు నమస్కారం. మా వైపు తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. రేడియేషన్ వల్ల ల్యుకేమియా వస్తుందని అంటారు. దీని గురించి శాస్త్రం ఏం చెబుతోంది?

తుంగభద్ర తీరం రాశారు:

రేడియేషన్‌కూ ల్యుకేమియాకూ సంబంధం ఉందన్నది హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవారిని దశాబ్దాల పాటు పరిశీలించి నిర్ధారించిన విషయం. బాంబులు పడిన రెండేళ్ళకే ల్యుకేమియా కేసులు పెరగడం మొదలై, సుమారు ఆరు నుంచి ఎనిమిదేళ్ళకు శిఖరానికి చేరింది. చిన్న వయసులో దెబ్బతిన్నవారిలో ప్రమాదం ఎక్కువ. అయితే అది ఒక్కసారిగా తగిలిన భారీ మోతాదు. యురేనియం విషయంలో ముందుగా ఆలోచించవలసినవి మూత్రపిండాలకు దాని రసాయన విషగుణం, గనుల్లో పనిచేసేవారికి రేడాన్ వాయువు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్.

ఒక ఊళ్ళో కేసులు పెరిగాయా లేదా అన్నది విన్న మాటలను బట్టి చెప్పడం న్యాయం కాదు. ఏ వయసువారు, ఏ రకం ల్యుకేమియా, ఏ సంవత్సరం, ఆ ఊళ్ళో ఎంతకాలం నివాసం అన్న వివరాలతో జనాభా ఆధారిత క్యాన్సర్ నమోదు జరగాలి. నీటి నమూనాల పరీక్ష దానితో పాటు సాగాలి. ఆ నమోదు మీ మండలంలో జరగాలని కోరడం మీ హక్కు అని నేను భావిస్తున్నాను. ఎప్పుడో మరో క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకున్నవారు, బెంజీన్ ఉన్న ద్రావకాలతో పనిచేసినవారు మీకు తెలిస్తే, వారికి రక్తహీనత వచ్చినప్పుడు ఆ విషయం వైద్యుడికి తప్పక చెప్పమనండి. ఆ రెండూ నిరూపితమైన కారణాలు.

పెన్నా గట్టు రాశారు:

రోగిని పెద్ద కేంద్రానికి పంపేటప్పుడు ప్రయోగశాల వైపు నుంచి పాటించవలసినవి చెప్పి విరమిస్తాను. ఫ్లో సైటోమెట్రీకి, పీసీఆర్‌కు ఊదారంగు మూత ఈడీటీఏ గొట్టం. క్రోమోజోము పరీక్షకు బతికున్న కణాలు కావాలి కాబట్టి ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టం. హెపారిన్ పీసీఆర్ చర్యను అడ్డుకుంటుంది కాబట్టి గొట్టాలు తారుమారైతే రెండు పరీక్షలూ దెబ్బతింటాయి. రక్తాన్ని గడ్డకట్టించకూడదు, మంచుకు నేరుగా తాకించకూడదు. వేసవిలో బస్సులో పంపితే చల్లని పెట్టెలో, ఐస్ ప్యాకుకూ గొట్టానికీ మధ్య గుడ్డ చుట్టాలి. పీసీఆర్‌కు ఆర్ఎన్ఏ త్వరగా చెడిపోతుంది, 48 గంటల లోపు చేరేలా చూడాలి.

వీటితో పాటు రంగు వేయని, గాలికి ఆరిన నాలుగైదు స్లైడులను రోగి చేతికే ఇవ్వండి. మందు మొదలుపెట్టక ముందు తీసిన స్లైడు తరవాత మళ్ళీ దొరకదు. స్టెరాయిడ్ కానీ, తెల్లకణాలను తగ్గించే హైడ్రాక్సీయూరియా కానీ ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఏ రోజున, ఎంత మోతాదులో ఇచ్చారో రిఫరల్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి.